ఈదిన కొలనుకే కోచ్‌గా

*కళాశాల రోజుల్లో పతకాలు తెచ్చిన అమ్మాయిలు అదే జట్టుకు శిక్షకులుగా తిరిగి వస్తున్నారు. ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి ఇలాంటి ప్రకటనలు వరుస కడతాయి. పూలదండలతో స్వాగతం పలికే ఆ చేతులు జీతం దగ్గరికి వచ్చేసరికి ఎంత వరకు చాస్తున్నాయి?*

1976 జులై 25, మాంట్రియల్. ఒలింపిక్స్ మహిళల ఈతలో ఒకే ఒక్క పోటీ మిగిలింది. అప్పటికి జరిగిన 12 పోటీల్లో 11 స్వర్ణాలు తూర్పు జర్మనీ అమ్మాయిలే ఎత్తుకుపోయారు. అమెరికా మహిళలకు ఒక్కటీ దక్కలేదు. స్వదేశంలో పత్రికలు ఏకిపారేస్తున్నాయి. ఆఖరిది నాలుగు వందల మీటర్ల ఫ్రీస్టైల్ రిలే. నలుగురు, తలో వంద మీటర్లు.

మొదటి వంతులో కార్నీలియా ఎండర్ తూర్పు జర్మనీని ముందుకు లాక్కెళ్లింది. అమెరికా తరఫున కిమ్ పేటన్ తర్వాత వెండీ బోగ్లియోలీ దూకి దూరాన్ని కొంత తగ్గించింది. మూడో వంతు ఒక పదిహేనేళ్ల పిల్లది. కాలిఫోర్నియాలోని హసియెండా హైట్స్ నుంచి వచ్చిన బడిపిల్ల. పేరు జిల్ స్టెర్కెల్. పక్క లేన్‌లో ఆండ్రియా పొలాక్, అదే ఒలింపిక్స్‌లో స్వర్ణం అందుకున్న మనిషి. ఆ పిల్ల ఆమెను పట్టుకుంది, దాటింది, గోడ ముట్టుకునే సరికి ఆధిక్యం అమెరికాది. ఆఖరి వంద మీటర్లు షర్లీ బాబాషాఫ్ ఈది ముగించింది. 3 నిమిషాల 44.82 సెకన్లు, ప్రపంచ రికార్డు. సెకను కూడా తేడా లేదు. తూర్పు జర్మనీ క్రీడాకారిణులకు ప్రభుత్వమే ఉత్ప్రేరకాలు ఎక్కించిందని బెర్లిన్ గోడ కూలాక దస్త్రాలు బయటపడితే, ఆ రిలే విలువ ఇంకా పెరిగింది.

ఆ పిల్ల తర్వాత ఏం చేసిందన్నదే ఈ కథనానికి అసలు సంగతి.

ఆస్టిన్‌కు మళ్లీ

స్టెర్కెల్ ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరింది. ఆమె చదువుకున్న రోజుల్లో 1981లో, 1982లో ఆ జట్టు జాతీయ విజేత. 1980 మాస్కో ఒలింపిక్స్‌కు ఎంపికైనా అమెరికా బహిష్కరణ వల్ల వెళ్లలేకపోయింది. 1984లో లాస్ ఏంజెలెస్ వెళ్లింది. 1988లో సియోల్ వెళ్లింది. మహిళల 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది అప్పుడే. అందులో కాట్రిన్ మైస్నర్‌తో సరిసమానంగా గోడ ముట్టి కాంస్యం పంచుకుంది. అప్పటికి స్టెర్కెల్‌కు 27 ఏళ్లు. నాలుగు ఒలింపిక్ జట్లకు ఎంపికైన మొదటి అమెరికన్ ఈతగత్తె ఆమే.

1992లో టెక్సస్ మహిళల జట్టుకు ప్రధాన శిక్షకురాలి కుర్చీ ఖాళీ అయింది. దాన్ని అందుకుంది స్టెర్కెల్. 2006 దాకా ఆమెదే ఆ ఒడ్డు.

ఆమె చేతికి ఎలాంటి జట్టు వచ్చిందో చూడండి. 1984 నుంచి 1988 దాకా వరసగా ఐదేళ్లు జాతీయ విజేత. మళ్లీ 1990, 1991ల్లో విజేత. అలాంటి ఇంటి తాళాలు చేతికి వస్తే సంతోషం కంటే బరువే ఎక్కువ. ఆమె హయాంలో టెక్సస్ మహిళలు మరో జాతీయ టైటిల్ గెలవలేదు. కప్పులు లెక్కపెట్టి మాట్లాడేవాళ్లకు ఇది ఒక్కటే కనపడుతుంది. పద్నాలుగు సీజన్లు ఒక జట్టును నిలబెట్టడం, ఏటా కొత్తగా వచ్చే పద్దెనిమిదేళ్ల పిల్లల్ని నాలుగేళ్లలో మనుషుల్ని చేసి పంపడం స్కోరుబోర్డుకు ఎక్కే పనులు కావు. పూర్వ విద్యార్థిని తిరిగొస్తే ఆమెను రెండు కొలతలతో కొలుస్తారు. ఒకటి తనకు ముందున్న కోచ్‌లు తెచ్చిన కప్పులు. రెండోది తాను ఈదిన రోజుల్లో తానే తెచ్చిన పతకాలు. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఈ రెండో కొలత ఉండదు.

గురువు లేచిన కుర్చీ

ఇదే కథ స్టాన్‌ఫర్డ్‌లో ఇంకో రకంగా నడిచింది. లియా లవ్‌లెస్ అక్కడి వెల్లకిల ఈత అమ్మాయి. 1992 బార్సిలోనాలో వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో కాంస్యం, మెడ్లే రిలేలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం. పెళ్లయ్యాక లియా మారర్ అయింది. ఈత మానేయలేదు సరికదా, 1998లో పెర్త్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత ఇలినాయ్ రాష్ట్రంలో హైస్కూల్ పిల్లలకు ఈత నేర్పింది.

2005లో ఆమె గురువు రిచర్డ్ క్విక్ స్టాన్‌ఫర్డ్ నుంచి తప్పుకున్నారు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి ఈ శిష్యురాలినే పిలిచారు. ప్రపంచ విజేత హైస్కూల్ కొలను దగ్గర పిల్లల కాళ్లు సరిచేస్తూ గడిపిన రోజులు ఆ ఉద్యోగానికి అడ్డు కాలేదు, అర్హత అయ్యాయి. ఇది చిన్న సంగతి కాదు. పతకం ఉన్నవాళ్లందరికీ నేర్పడం రాదు. పదమూడేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లు ఇరవై ఏళ్ల పిల్లకూ చెప్పగలరు.

మారర్ జట్టు 2010లో జాతీయ టైటిల్‌కు ఎంత దగ్గరగా వెళ్లిందంటే, ఫ్లోరిడాకు 382 పాయింట్లు, స్టాన్‌ఫర్డ్‌కు 379.5. రెండున్నర పాయింట్లు. ఒక రిలేలో ఎవరో ఒకరు వేలు ముందు చాపి ఉంటే ఫలితం మారేది. 2012లో ఆమె ఆ బాధ్యత వదిలారు. మళ్లీ 2022లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సహాయక శిక్షకురాలిగా చేరి, ఆ సీజన్ మధ్యలోనే తాత్కాలికంగా, తర్వాత పూర్తిగా ప్రధాన బాధ్యత తీసుకున్నారు. అక్కడ అమ్మాయిల జట్టుతోపాటు అబ్బాయిల జట్టూ ఆమె చేతిలోదే. అమెరికా పెద్ద విశ్వవిద్యాలయాల్లో అబ్బాయిల ఈత జట్టు స్త్రీ చేతిలో ఉండటం ఇప్పటికీ అరుదే.

> ఒకే గురువు, రెండు కొలనులు
>
> రిచర్డ్ క్విక్ టెక్సస్ మహిళలతో ఐదు, స్టాన్‌ఫర్డ్ మహిళలతో ఏడు జాతీయ టైటిళ్లు గెలిచారు. 1988, 1996, 2000 ఒలింపిక్స్‌లో అమెరికా ఈత జట్టుకు ప్రధాన శిక్షకుల్లో ఒకరు. ఆయన ఏలిన రెండు కొలనులూ తర్వాతి కాలంలో అక్కడే ఈదిన ఇద్దరు స్త్రీల చేతికి వెళ్లాయి. టెక్సస్ స్టెర్కెల్‌కు, స్టాన్‌ఫర్డ్ మారర్‌కు. 2009 జూన్‌లో ఆయన మెదడు కణితితో చనిపోయారు.

తెల్లవారుజామున ఏం పని?

కోచ్ అనగానే మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచ్ గుర్తొస్తాయి. కళాశాల జట్టులో కొత్తగా చేరిన సహాయకురాలి రోజు అంత సినిమాలా ఉండదు. ఊరింకా నిద్రలో ఉండగానే కొలను దగ్గరికి చేరాలి. తెల్లబోర్డు మీద ఆ పూట సెట్లు రాయాలి. ఏ లేన్‌లో ఎవరు, ఎన్ని గజాలు, ఎంత విరామం అన్నీ అందులోనే. అవును, గజాలే. అమెరికా కళాశాలల ఈత ఇప్పటికీ 25 గజాల కొలనులోనే, అంటే 23 మీటర్లకు కాస్త తక్కువ. ఒలింపిక్ కొలను 50 మీటర్లు. కొలను పొట్టిదైతే మలుపులు ఎక్కువ. అందుకే గోడ దగ్గర పల్టీ కొట్టి తన్నుకుని, నీటి అడుగున పాములా వంపులు తిరుగుతూ వెళ్లే ఆ కొద్ది క్షణాల మీదే అక్కడి శిక్షణలో సగం శ్రద్ధ. నీటి అడుగు కెమెరాలో వాటిని పట్టి, సాయంత్రం కూర్చుని ఒక్కో పిల్లకూ చూపించేది ఈ సహాయకురాలే.

కసరత్తు అయ్యాక ఆఫీసు. విమాన టికెట్లు, హోటల్ గదులు, ఎవరికి వేరుసెనగ పడదో రాసిపెట్టుకోవడం. పిల్లల హాజరు, మార్కులు. జాతీయ కళాశాల క్రీడల సంఘం నిబంధన ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి సాధన చేయించకూడదు కాబట్టి దానికీ లెక్క రాయాలి. మధ్యాహ్నం మళ్లీ కొలను. రాత్రి ఫోన్లు. హైస్కూల్ పిల్లల్ని జట్టుకు రప్పించడం కోచ్ ఉద్యోగంలో సగం. పదో తరగతి చదువు ముగిసిన వేసవిలో జూన్ 15 నుంచి కళాశాలల కోచ్‌లు వాళ్లతో నేరుగా మాట్లాడొచ్చు. ఆ రోజు కోసం ఇటు కోచ్‌లు, అటు పిల్లలు, వెనక తల్లిదండ్రులు ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటారు. డాలస్ చుట్టుపక్కల, బే ఏరియాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో పిల్లల్ని పొద్దున్నే కొలనుకు తీసుకెళ్లే తల్లులకు ఈ తేదీ కొత్త కాదు.

పూర్వ విద్యార్థిని అసలు బలం ఈ ఫోన్లలోనే తెలుస్తుంది. "అక్కడ హాస్టల్ తిండి ఎలా ఉంటుంది, ఉదయం ఈది తర్వాత కెమిస్ట్రీ ల్యాబ్‌కు వెళ్లగలనా, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే ఎవరితో చెప్పుకోవాలి?" లాంటి ప్రశ్నలకు బయటి నుంచి వచ్చిన కోచ్ కరపత్రం చూసి చెబుతాడు. ఆమె తన రెండో ఏడు గుర్తు చేసుకుని చెబుతుంది.

నిన్నటి స్నేహితురాలు

చదువు ముగిసిన ఏడాదికే తిరిగొస్తే ఇంకో చిక్కు. పోయినేడు పక్క లేన్‌లో ఈదిన పిల్లలు ఇప్పుడు తన మాట వినాల్సినవాళ్లు. ఒకే గది పంచుకున్న చెల్లెలి వయసు పిల్ల నిద్రలేవక ఆలస్యంగా వస్తే దండించాలా, వెనకేసుకు రావాలా? ఆమె రహస్యాలు ఈమెకు తెలుసు. ఏ పరీక్ష తప్పిందో, ఏ అబ్బాయితో గొడవైందో, ఏ భుజం నొప్పి ఎవరికీ చెప్పకుండా దాచుకుందో అన్నీ. ఇప్పుడు ఆ భుజం సంగతి ప్రధాన కోచ్‌కు చెప్పకపోతే తప్పు, చెబితే నమ్మకద్రోహం.

అందుకే చాలా జట్లు అప్పుడే చదువు ముగించినవాళ్లను వెంటనే పెద్ద పదవిలో పెట్టవు. ఒకటి రెండేళ్లు వేరే చోట పనిచేసి రమ్మంటాయి, లేదా పీజీ చదువుకుంటూ చిన్న బాధ్యత చూడమంటాయి. నా మటుకు నాకు ఈ పద్ధతే సబబనిపిస్తుంది. మనిషి ఒకసారి ఊరు దాటి వస్తే, అదే ఊళ్లో పెద్దరికం అడిగే హక్కు తనంతట తనే వస్తుంది.

అసలు తిరిగి రావాలని ఎందుకనిపిస్తుంది? చాలామందికి ఈతలో జీవితం 22 ఏళ్లకే ఆగిపోతుంది. మార్చిలో ఆఖరి పోటీ, గోడ ముట్టుకుంటారు, అంతే. ఏడెనిమిదేళ్ల వయసు నుంచి నీళ్ల చుట్టూ తిరిగిన దినచర్య ఒక్క రాత్రితో ఖాళీ అవుతుంది. ఒలింపిక్ విజేతలకు కూడా ఆ ఖాళీ తప్పదు. జార్జియా విశ్వవిద్యాలయం తరఫున ఈది, 2012 లండన్‌లో స్వర్ణాలు గెలిచిన ఆలిసన్ ష్మిట్ ఆ తర్వాత తనను కమ్మిన కుంగుబాటు గురించి బాహాటంగా మాట్లాడింది. సామాజిక సేవలో పీజీ చేసింది. స్టాన్‌ఫర్డ్ అమ్మాయి సిమోన్ మాన్యుయెల్ 2021 ఒలింపిక్ ఎంపిక పోటీల్లో వంద మీటర్ల ఫైనల్‌కు కూడా చేరలేక, సాధన మితిమీరి శరీరం మొరాయించిందని విలేకరుల ముందు కన్నీళ్లతో చెప్పింది. రియోలో అదే పోటీలో స్వర్ణం గెలిచిన మనిషి ఆమె. ఇలాంటి దశలు దాటినవాళ్లు ఒడ్డున ఉంటే, నీళ్లలో ఉన్న పిల్ల "ఈరోజు నావల్ల కావట్లేదు" అన్నప్పుడు ఆ మాట బద్ధకమో, ప్రమాద సూచనో పోల్చుకోగలరు.

జీతం లేని కొలువు

2021లో టోక్యో ఒలింపిక్స్ ముగిశాక కేటీ లెడెకీ ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు మకాం మార్చింది. అప్పటికే ఆమెకు ఏడు ఒలింపిక్ స్వర్ణాలు. చదివింది స్టాన్‌ఫర్డ్‌లో అయినా, ఆంథొనీ నెస్టీ దగ్గర సాధన కోసం ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి జట్టుకు వాలంటీర్ సహాయక శిక్షకురాలిగా కూడా పేరు రాయించుకుంది. లెడెకీకి జీతం అక్కర్లేదు. ఆ హోదా ఆమె కోసం పుట్టింది కూడా కాదు.

దశాబ్దాల పాటు అమెరికా కళాశాల క్రీడల్లో వాలంటీర్ కోచ్ అనే ఒక పదవి ఉండేది. పని పూర్తిగా చేయాలి, జీతం ఇవ్వకూడదు. ఇవ్వకూడదని నిబంధనే. వేసవి శిబిరాల్లో పిల్లలకు ఈత నేర్పి వచ్చిన డబ్బుతో అద్దె కట్టుకునేవారు. ఈ మెట్టు దగ్గర ఎవరు నిలబడగలరో ఊహించడం కష్టం కాదు. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవాళ్లు, చదువు అప్పు లేనివాళ్లు. మిగతావాళ్లు ఎంత ప్రతిభ ఉన్నా ఇంకో ఉద్యోగం వెతుక్కునేవారు. కోర్టుల్లో దావాలు పడ్డాయి. చివరకు 2023 జనవరిలో జాతీయ కళాశాల క్రీడల సంఘం ఆ పదవిని రద్దు చేస్తూ తీర్మానించింది. అదే ఏడాది జులై 1 నుంచి ఈత జట్లు ఆ స్థానాల్లోని వాళ్లకు జీతం ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అనే ఉంది, ఇచ్చి తీరాలని లేదు. డబ్బున్న విశ్వవిద్యాలయం ఇస్తుంది. లేనిది ఎప్పటిలా సర్దుకుంటుంది.

నెస్టీ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1988 సియోల్‌లో సురినామ్ అనే చిన్న దేశం తరఫున వంద మీటర్ల బటర్‌ఫ్లైలో మాట్ బియాండీని సెకనులో వందో వంతు తేడాతో ఓడించి స్వర్ణం గెలిచాడు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చదివాడు. తర్వాత అదే జట్టులో ఏళ్ల తరబడి సహాయకుడిగా పనిచేసి, 2018లో పురుషుల జట్టుకు, 2021లో మహిళల జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు. 2024 పారిస్‌లో అమెరికా పురుషుల ఈత జట్టుకు ప్రధాన కోచ్ ఆయనే. ఆ స్థానానికి చేరిన మొదటి నల్లజాతి శిక్షకుడు. పూర్వ విద్యార్థి ఒకరిని జట్టు వదలకుండా పోషించుకుంటే ఏమవుతుందో ఇది రుజువు. ఇంత ఓపిక స్త్రీల విషయంలో ఎన్ని విశ్వవిద్యాలయాలు చూపాయి అన్నదే అసలు ప్రశ్న.

కుర్చీలు ఎటు పోయాయి?

1972 జూన్‌లో అమెరికా ఒక చట్టం చేసింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా స్త్రీ పురుష భేదం చూపకూడదన్నది దాని సారం. టైటిల్ నైన్ అని పిలుస్తారు. దాని పుణ్యమా అని కళాశాలల్లో అమ్మాయిలకు జట్లు, ఉపకార వేతనాలు, మంచి కొలనులు వచ్చాయి. స్టెర్కెల్ తరం ఆ చట్టం నీడలో పెరిగిన మొదటి పంట.

అయితే అదే చట్టం తర్వాత విచిత్రం జరిగింది. అంతకుముందు అమ్మాయిల జట్లకు కోచ్‌లు దాదాపు అందరూ స్త్రీలే. ఎక్కువ మంది వ్యాయామ ఉపాధ్యాయినులు, జీతం అంతంతమాత్రం, కొందరికి అసలే లేదు. అమ్మాయిల పోటీలు నడిపిన సంఘమూ స్త్రీల చేతుల్లోనే ఉండేది. స్టెర్కెల్ కాలంలో టెక్సస్ గెలిచిన 1981, 1982 టైటిళ్లు ఆ సంఘం ఇచ్చినవే. జట్లకు డబ్బు, పేరు రాగానే ఆ కోచ్ ఉద్యోగాలకు మగవాళ్లు బారులు తీరారు. 1981-82 నుంచి పురుషుల క్రీడల్ని నడిపే జాతీయ సంఘం అమ్మాయిల పోటీలనూ తానే నిర్వహించడం మొదలుపెట్టాక స్త్రీల సంఘం మూతపడింది.

> 90 నుంచి 43కు
>
> బ్రూక్లిన్ కళాశాల ఆచార్యులు వివియన్ అకోస్టా, లిండా కార్పెంటర్ దశాబ్దాల పాటు అమెరికా కళాశాలల్లో లెక్కలు సేకరించారు. 1972లో మహిళల జట్లలో 90 శాతానికి పైగా స్త్రీల శిక్షణలో ఉండేవి. 2014 నాటికి అది 43.4 శాతం. ఇది అన్ని క్రీడలకూ కలిపిన సంఖ్య.

కుర్చీలో స్త్రీ కనిపించని జట్టులో నాలుగేళ్లు ఈదిన అమ్మాయికి, తానూ కోచ్ కావచ్చన్న ఊహ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే జార్జియాలో 2022లో జరిగింది చెప్పుకోదగ్గది. 1979 నుంచి మహిళల జట్టును నడిపిన జాక్ బావర్లీ విరమించుకున్నారు. ఆయనా ఒకప్పుడు జార్జియాకు ఈదినవాడే. ఆయన తర్వాత మహిళల జట్టును స్టెఫనీ విలియమ్స్ మొరెనోకు అప్పగించారు. ఆమె ఈదింది ఆ కొలనులోనే, సహాయకురాలిగా పనిచేసిందీ అక్కడే. పెద్ద వార్తేమీ కాలేదు. కాకపోవడమే మంచిది.

అధికారం చేతికొచ్చాక

స్త్రీ కోచ్ అయితే చాలు, పిల్లలు క్షేమం అనుకోవడమూ పొరపాటే. టెరీ మెకీవర్ బెర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మహిళల్ని నాలుగు జాతీయ టైటిళ్ల దాకా నడిపించింది. 2012 లండన్‌లో అమెరికా మహిళల ఈత జట్టుకు ప్రధాన శిక్షకురాలు. ఆ పదవి చేపట్టిన మొదటి స్త్రీ. పదేళ్లు తిరక్కుండా, 2022లో ఆమె దగ్గర ఈదిన అమ్మాయిలే నోరు విప్పారు. తిట్లు, బెదిరింపులు, అవమానాలు భరించామని పత్రికలకు చెప్పారు. విశ్వవిద్యాలయం విచారణ జరిపించింది. 2023 జనవరిలో ఆమెను తొలగించింది. ఆరోపణలను మెకీవర్ ఖండించింది.

ఈ ఉదంతం చదివాక ఒకటి తోస్తుంది. ఆ అమ్మాయిలు ఏళ్ల తరబడి ఎవరితోనూ గట్టిగా చెప్పుకోలేకపోవడానికి కారణం ప్రధాన కోచ్ చేతిలో ఉపకార వేతనం, రిలేలో చోటు, భవిష్యత్తు అన్నీ ఉండటం. అలాంటి చోట పిల్లలకూ పెద్దకూ మధ్య ఇంకో మనిషి కావాలి. నిన్న మొన్నటి దాకా ఆ పిల్లల స్థానంలోనే ఉన్న సహాయకురాలు ఆ మనిషి కాగలదు. ఉద్యోగం ఏడాదికోసారి ప్రధాన కోచ్ దయమీద పొడిగించేదైతే మాత్రం ఆమె కూడా నోరు మూసుకునే ఉంటుంది. భద్రమైన ఉద్యోగం కావాలని అడగటం అందుకే.

ముప్పై మందికే చోటు

2025 జూన్‌లో కాలిఫోర్నియా ఫెడరల్ న్యాయస్థానం ఆమోదించిన ఒక రాజీ ఒప్పందం అమెరికా కళాశాల క్రీడల లెక్కలన్నీ తిరగరాసింది. అప్పటి నుంచి విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించొచ్చు. మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి గరిష్ఠంగా సుమారు 2 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతుందని వేరే చెప్పక్కర్లేదు. ఒప్పందంలో చేరిన చోట్ల ఈత జట్టుకు పరిమితి 30 మంది. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా ఉన్న ఆగ్నేయ లీగ్ అయితే అబ్బాయిల జట్టును 22కే కుదించింది.

కొన్ని చోట్ల జట్టే పోయింది. మిషిగన్ స్టేట్ 2020లో కరోనా లెక్కలు చూపించి ఈతను ఎత్తేసింది. శాన్ లూయీ ఒబిస్పోలోని కాల్ పాలీ 2025 మార్చిలో ఎత్తేసింది. జట్టే లేకపోతే తిరిగి రావడానికి కొలను ఉండదు. ఉన్న జట్లలోనూ చివరి పదిమంది బయటికి వచ్చేస్తున్నారు. ఒలింపిక్స్‌కు వెళ్లేది మొదటి ఐదుగురైతే, కోచ్‌లు పుట్టేది తరచూ ఈ చివరి వరసలోంచే. తమకు సులభంగా రానిది పట్టుపట్టి నేర్చుకున్నవాళ్లకే దాన్ని ఇంకొకరికి విడమరిచి చెప్పడం బాగా వస్తుంది. ముప్పై మంది నియమం వల్ల ఈతకు కలిగే అసలు నష్టం ఇదేనని నా అనుమానం. ఇది పదేళ్ల తర్వాత గానీ బయటపడదు.

> ఇంకా పెద్ద కుర్చీ
>
> జింబాబ్వేకు చెందిన కర్స్టీ కవెంట్రీ అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ విశ్వవిద్యాలయానికి ఈదిన అమ్మాయి. 2004, 2008 ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ స్వర్ణం ఆమెదే. 2025 మార్చిలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలిగా ఎన్నికైంది. ఆ పదవిలో మొదటి స్త్రీ, ఆఫ్రికా నుంచి మొదటి వ్యక్తి.

మన దగ్గర

తెలుగు నేలకు ఆటగాళ్లు గురువులు కావడం కొత్త కాదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ గచ్చిబౌలిలో అకాడమీ పెట్టి ఏం చేశారో పిల్లవాణ్నడిగినా చెబుతాడు. సిడ్నీ కాంస్యంతో చరిత్రకెక్కిన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యారు. ఈతలో అయితే పొరుగున బెంగళూరులో, 2000 సిడ్నీకి వెళ్లిన నిషా మిల్లెట్ సొంతంగా ఈత శిక్షణ సంస్థ నడుపుతున్నారు.

గమనించారా, గోపీచంద్, నిషా ఇద్దరూ తమ శిక్షణ సంస్థల్ని తామే పెట్టుకున్నారు. చదువుకున్న కళాశాల వాళ్లను వెనక్కి పిలిచి కొలువు ఇచ్చింది కాదు. మన కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టర్ ఒక్కరే ఉంటారు. ఖోఖో నుంచి క్రికెట్ దాకా అన్నీ ఆ ఒక్క మనిషి నెత్తిమీదే. అంతర్ విశ్వవిద్యాలయ ఈత పోటీలున్నాయి, ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలున్నాయి. పోటీకి వారం ముందు జట్టు కూడుతుంది, అయ్యాక విడిపోతుంది. ఏడాది పొడవునా నడిచే జట్టు లేనప్పుడు దానికి కోచ్ ఎందుకుంటాడు?

ఇక అమ్మాయిల సంగతి. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో వేసవి వస్తే కొలనులు ఆడపిల్లలతో కళకళలాడతాయి. పది పాసై ఇంటర్‌లో చేరగానే చాలామంది కనబడరు. పొద్దున్నే ఈఏపీసెట్, నీట్ క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్. పట్టుదలగా కొనసాగి రాష్ట్ర, జాతీయ పోటీల దాకా వెళ్లినవాళ్లు కూడా డిగ్రీ అయ్యాక ఈత ఎక్కడ వదిలేశారో వాళ్లకే గుర్తుండదు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో శిక్షకుల డిప్లొమా చేసే దారి ఒకటుంది. అది పూర్తిచేసి వచ్చినా కాంట్రాక్టు ఉద్యోగం, పదకొండు నెలలకోసారి బ్రేకు, నెలలు దాటి వచ్చే జీతం. కొలను దగ్గర మగ కోచ్ ఒక్కడే ఉన్నాడని కూతుర్ని పంపడానికి వెనకాడే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎంతమందో మీకూ తెలుసు. ఆ కొలను దగ్గరే ఒకప్పుడు ఈదిన అమ్మాయి కోచ్‌గా ఉంటే వాళ్లలో సగం మందికి ఆ భయం ఉండదు.

విశ్వవిద్యాలయాల్ని అడగాల్సింది పెద్ద సంగతేమీ కాదు. కొలను ఉన్న ప్రతి ప్రాంగణంలో అక్కడే చదివి, అక్కడే ఈదిన ఒక స్త్రీకి పూర్తికాలం కోచ్ ఉద్యోగం. తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా సులువు. వచ్చే వేసవి శిబిరంలో మీ పాపను చేర్చేటప్పుడు నీళ్లు శుభ్రంగా ఉన్నాయా అని ఎలాగూ అడుగుతారు. ఇక్కడ ఈది పతకాలు తెచ్చిన అమ్మాయిలెవరైనా ఇప్పుడు ఇక్కడ నేర్పుతున్నారా, వాళ్లకు నెలనెలా జీతం అందుతోందా అని కూడా అడగండి.